తోడల్లుళ్ల మందుచీట్లు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు అత్తగారి కుడికాలి బొటనవేలు తీసేశారు. పక్క వేలు ఉంచాలా, అదీ తీయాలా అన్నది నలభై ఎనిమిది గంటల తర్వాత చెప్తానని సర్జన్ అన్నాడు.

ఆమెకి ఇద్దరు అల్లుళ్లు. ఇద్దరూ డాక్టర్లే. ఆపరేషన్‌కి ముందు ఇరవై మూడు రోజుల్లో ఆ ఇద్దరి మాట మీద ఆమె ఐదు రకాల యాంటీబయాటిక్‌లు వాడింది. నాలుగు మాత్రలు, ఒకటి ఇంజెక్షన్. ఆ ఐదూ రాసేటప్పుడు ఇద్దరిలో ఒక్కరూ ఆమె పాదం చూడలేదు. నాలుకా చూడలేదు, నాడీ పట్టుకోలేదు. పెద్దల్లుడి క్లినిక్ నుంచి ఆమె ఇంటికి నడిస్తే తొమ్మిది నిమిషాలు. చిన్నల్లుడి క్లినిక్ నుంచి పదమూడు.

పెద్దల్లుడిది ఇరవై రెండేళ్ల ప్రాక్టీసు. బస్టాపు ఎదురుగా, కళ్లద్దాల షాపు పక్కన రెండు గదులు. ముందుగదిలో ఎనిమిది కుర్చీలు. లోపలి గదిలో పరీక్ష చేసే బల్ల, బరువు చూసే మిషను, చేతులు కడుక్కునే సింకు. వచ్చినవాళ్లని బల్ల మీద పడుకోబెడతాడు. కనురెప్ప కిందికి లాగి చూస్తాడు. గొంతులో టార్చి వేస్తాడు. వీపు మీద వేళ్లతో కొట్టి వింటాడు. జలుబుకైనా ఇరవై నిమిషాలు పడుతుంది. ఇంతా చేసి చాలామందికి చెప్పేది ఒకటే. ఇది వైరస్, దీని మీద యాంటీబయాటిక్ పనిచేయదు, జ్వరం బిళ్ల వేసుకోండి, నీళ్లు తాగండి, మూడు రోజుల్లో తగ్గకపోతే మళ్లీ రండి. మూడు రోజుల్లో తగ్గేది. వాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు కాదు. తగ్గించింది ఈయనే అని అనుకునేవాళ్లూ కాదు.

ముందుగది గోడకి ఒక బోర్డు ఉంది. "రోగిని చూడకుండా మందు రాయబడదు." అది ఆయన సొంత దస్తూరి.

చిన్నల్లుడు ప్రాక్టీసు పెట్టి తొమ్మిదేళ్లు. రోజుకి తొంభై మంది వస్తారు. ఎదురుగా కూర్చున్నవాళ్లకి రెండు నిమిషాలు. ఫోను చేసినవాళ్లకి మెసేజ్‌లో మందు పేరు పంపుతాడు. అతని అసిస్టెంటు దగ్గర ముందే అచ్చేయించిన చీట్లు మూడు కట్టలుంటాయి. జ్వరానికొకటి, దగ్గుకొకటి, కడుపుకొకటి. మూడింటిలోనూ మొదటి వరసలో ఉన్నది యాంటీబయాటికే. రోగం వైరస్‌దైతే అది ఎలాగూ మూడు రోజుల్లో పోతుంది. పోయినప్పుడు చేతిలో చిన్నల్లుడి చీటీ ఉంటుంది. అతని హస్తవాసి మంచిదని నాలుగు వీధుల్లో పేరు.

"హస్తవాసట," అంది ఓసారి కాంపౌండరమ్మ, సిరంజీలు సర్దుకుంటూ. "ఆ చెయ్యి ఎవరి మీదైనా పడితే కదా సార్, వాసి తెలిసేది."

ఆమెది పెద్దల్లుడి దగ్గర పంతొమ్మిదేళ్ల సర్వీసు. నర్సు కోర్సు చదివింది. క్లినిక్‌కి వచ్చేవాళ్లు మొదటి రోజు నుంచీ అలాగే పిలిచారు, అదే స్థిరపడింది. పెద్దల్లుడు ఆమె మాటకి నవ్వలేదు. కానీ రెండు రోజులు ఆ మాట తలుచుకుని హాయిగా ఉన్నాడు.

సాయంత్రం క్లినిక్ మూశాక ఆయన ఇంటికి కుడివైపు వెళ్లాలి. ఎడమవైపు వెళ్లేవాడు. చిన్నల్లుడి క్లినిక్ ముందు నుంచి నడిచి, మెయిన్ రోడ్డు చుట్టి, ఇల్లు చేరేవాడు. ఆ వీధిలో ఆయనకి పనేమీ లేదు. భార్య అడిగితే నడక ఆరోగ్యానికి మంచిదన్నాడు.

అత్తగారు కుట్టుపని టీచరుగా రిటైరైంది. వయసు అరవై తొమ్మిది. రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. లిఫ్టు లేదు. పొద్దున పనమ్మాయి వచ్చి వెళ్తుంది. కిటికీ పక్కన కాలితో తొక్కే కుట్టుమిషను. అడిగినవాళ్లకి ఇప్పటికీ దిండు గలీబులు, కర్టెన్లు కుట్టిపెడుతుంది. షుగరు వచ్చి పద్నాలుగేళ్లయింది. పాదాలు మొద్దుబారి చాలాకాలమైంది. ఎండాకాలం కూడా అవి చల్లగా ఉన్నట్టు అనిపిస్తుందని మేజోళ్లు తొడుక్కునే ఉంటుంది.

ఆరేళ్ల కిందట ఆమెకి దగ్గు వచ్చింది. పెద్దల్లుడు వెళ్లి అరగంట చూశాడు. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాడు. ఐదు రోజులు పుక్కిలించినా దగ్గు అలాగే ఉంది. ఆరో రోజు చిన్నల్లుడు ఫోనులో ఒక మాత్ర పేరు చెప్పాడు. ఎనిమిదో రోజుకి దగ్గు పోయింది. ఏ మందూ లేకపోయినా ఎనిమిదో రోజుకి పోయేదేనని పెద్దల్లుడు భార్యకి, తన సొంత వదినకి, కాంపౌండరమ్మకి, కళ్లద్దాల షాపాయనకి చెప్పాడు. అత్తగారికి చెప్పలేకపోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో చిన్నల్లుడు డాక్టరుగారు, పెద్దల్లుడు పెద్దబాబు. కొత్తవాళ్లెవరైనా ఇంటికొస్తే అత్తగారు పరిచయం చేసే పద్ధతి ఒకటే. మా చిన్నల్లుడు డాక్టరు అంటుంది. కాసేపాగి, పెద్దల్లుడు కూడా అంటుంది.

జ్వరం మొదలైంది ఒక ఆదివారం. నూట ఒకటి. అత్తగారు చిన్న కూతురికి ఫోను చేసింది. పావుగంటలో చిన్నల్లుడి మెసేజ్ మందుల షాపుకి వెళ్లింది. పెన్సిలిన్ జాతి మాత్ర, రోజుకి మూడు. మంగళవారానికి జ్వరం దిగింది. బుధవారం ఆమె మాత్రలు ఆపేసింది. మిగిలినవి డబ్బాలో పెట్టుకుంది.

బుధవారం సాయంత్రం పెద్ద కూతురు ఈ సంగతి మొగుడికి చెప్పింది. తనకెందుకు చెప్పలేదని పెద్దల్లుడు అడిగాడు.

"మీకు చెప్తే వచ్చి చూడాలంటారు," అంది ఆవిడ. "మీ స్టెతస్కోపు అమ్మ వీపుకి ఆనిస్తే ఇక తీయరు. చివరికి ఉప్పునీళ్లంటారు. ఆ మాత్రం దానికి మిమ్మల్నెందుకు కదిలించడమని ఊరుకుంది."

"ఏం జ్వరమో చూడకుండా ఏం రాశాడు?"

"తగ్గిందిగా."

పెద్దల్లుడు ఆ పూట అన్నం సగంలో లేచాడు.

శుక్రవారం జ్వరం మళ్లీ వచ్చింది. చిన్నల్లుడు రెండో మాత్ర పంపాడు. మూడు రోజుల కోర్సు. మళ్లీ దిగింది. ఈసారి ఆ వార్త పెద్దల్లుడికి అదే రోజు తెలిసింది. మర్నాడు చెప్పులు వేసుకుని అత్తగారింటికి బయల్దేరి, గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విప్పేశాడు. పిలవకుండా వెళ్తే తోడల్లుడి పేషెంటు మీద పడ్డట్టుంటుందని భార్యతో అన్నాడు. అమ్మ పేషెంటెప్పుడైందండీ, అమ్మే కదా అంది ఆవిడ.

పదో రోజు, మంగళవారం, ఉదయం పదిన్నరకి పెద్దల్లుడి ఫోను మోగింది. అత్తగారే చేసింది. ఆరేళ్లలో ఆమె ఒంట్లో బాగాలేదని ఆయనకి ఫోను చేయడం అదే మొదటిసారి. ముందుగదిలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆయన లేచి వాళ్ల మధ్య నుంచి నడిచి బోర్డు కింద నిలబడి మాట్లాడాడు. కాంపౌండరమ్మ అక్కడే ఉంది.

జ్వరం మళ్లీ నూట రెండుంది, వణుకుతోంది అని అత్తగారు చెప్పింది. వస్తున్నానని పెద్దల్లుడు అన్నాడు. ఆ మాట అన్నాడని కాంపౌండరమ్మ కచ్చితంగా చెప్తుంది. చేతిలోకి బ్యాగు కూడా తీసుకున్నాడు.

అప్పుడు అత్తగారు ఇలా అంది: "అంత శ్రమెందుకు పెద్దబాబూ. డాక్టరుగారైతే ఫోనులోనే చెప్పేస్తారు. మీకు అలా రాదేమో."

పెద్దల్లుడు బ్యాగు కుర్చీలో పెట్టాడు.

"రాకేం," అన్నాడు.

ఇంతకుముందు ఏం వాడారని అడిగాడు. ఆమె డబ్బా తెచ్చి పేర్లు కూడబలుక్కుని చదివింది. రెండూ విన్నాక వాటికన్నా పైమెట్టు మందు చెప్పాడు. ఊపిరితిత్తుల్లో చీము పట్టినవాళ్లకి తాను రాసే మందది. ఏడాదిలో నలుగురికో ఐదుగురికో రాస్తాడు, ఎక్స్‌రే చూశాక. ఫోను మాట్లాడటానికి పట్టింది నాలుగు నిమిషాలు. పెట్టేశాక కుర్చీల్లో ఉన్న ఇద్దరిలో ఒకడు తనకీ అలా చెప్పేస్తే పనికి వెళ్లిపోతానన్నాడు. పెద్దల్లుడు అతన్ని బల్ల మీద పడుకోబెట్టి ఇరవై నిమిషాలు చూశాడు.

పన్నెండో రోజుకి జ్వరం పూర్తిగా దిగింది. ఆ సాయంత్రం అత్తగారు ఫోను చేసి, చాలా గుణంగా ఉంది డాక్టరుగారూ అంది. పెద్దల్లుడు ఆ మాట భార్యకి చెప్పాడు. వదినకి చెప్పాడు. ఆ రోజు ఇంటికి కుడివైపు నుంచే వెళ్లాడు.

ఆ ఆనందం రెండు రోజులు. పద్నాలుగో రోజు భార్య, పప్పు తిరగమోత పెడుతూ, యథాలాపంగా అంది. అమ్మ ఆ రోజు ముందు చెల్లెలికే చేసిందట. గంటసేపు ఎంగేజ్ వచ్చిందట. అందుకని మీకు చేసింది.

పదహారో రోజు జ్వరం నాలుగోసారి వచ్చింది. అత్తగారు ఈసారి కూతుళ్లిద్దరికీ చెప్పింది. చిన్నల్లుడు, అన్నయ్యగారు ఏం రాశారో కనుక్కోమని భార్యతో అన్నాడు. పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత దానికన్నా పైమెట్టు మందు పంపాడు. ఆసుపత్రుల్లో మిగతావన్నీ విఫలమయ్యాక వాడే మాత్ర. ఆయన చెయ్యి ఆడనిచోట నా చెయ్యి ఆడుతుందేమో చూద్దాం అన్నాడని చిన్న కూతురు అక్కతో చెప్పింది. అక్క మొగుడితో చెప్పింది.

పెద్దల్లుడు రెండు రోజులు ఆగాడు. పద్దెనిమిదో రోజుకీ జ్వరం దిగలేదని తెలిసినప్పుడు ఇక మాత్రలతో అయ్యే పని కాదన్నాడు. ఐసీయూలో వాడే ఇంజెక్షన్ తెప్పించాడు. రోజుకొకటి, ఐదు రోజులు, తుంటికి. పొడిచి రమ్మని కాంపౌండరమ్మని పంపాడు.

మీరు రారా అని ఆమె అడిగింది. క్లినిక్‌లో జనం ఉన్నారన్నాడు. ముందుగదిలో అప్పుడు ఒక్కడున్నాడు.

ఎందుకు వెళ్లలేదని తర్వాత ఆయన్ని చాలామంది అడిగారు. భార్యకి ఒక్కదానికే జవాబు చెప్పాడు. అప్పుడు వెళ్లి చూస్తే, మొదటిసారి చూడకుండా రాశానని తోడల్లుడికి తెలిసిపోతుంది. అతను నవ్వుతాడు. నన్ను చూసి నవ్వడానికి వాడికి ఈ తొమ్మిదేళ్లలో ఒక్క అవకాశం ఇవ్వలేదు. ఇదీ ఆయన చెప్పింది.

ఇంజెక్షన్ మొదలైన మూడో రోజు, శుక్రవారం, కాంపౌండరమ్మ తిరిగొచ్చి సిరంజీ పారేసి చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

"అమ్మగారి గదిలో వాసనొస్తోంది సార్," అంది. "ఎలుక చచ్చిందంటున్నారు. రెండు రోజుల నుంచి వెతుకుతున్నారట. పనమ్మాయి బీరువా జరిపింది. చిన్నమ్మాయిగారు సెంటు సీసా కొట్టి వెళ్లారు. ఎలుక దొరకలేదు."

"అయితే?"

"అయితే ఏముంది. మీరొకసారి వచ్చి చూడండి."

"ఐదు రోజుల కోర్సు పూర్తి కానీ."

"కోర్సు మందుకి సార్. వాసనకి కాదు."

పెద్దల్లుడు ఆమె వంక చూశాడు. పంతొమ్మిదేళ్లలో ఆమె అంత గట్టిగా మాట్లాడింది లేదు. తర్వాతి పేషెంటుని పిలువు అన్నాడు. తర్వాతి పేషెంటు లేడని ఆమె అంది.

ఆదివారం క్లినిక్‌కి సెలవు. అయినా ఐదో ఇంజెక్షన్ ఉందని కాంపౌండరమ్మ తొమ్మిదింటికి అత్తగారింటికి వెళ్లింది. చిన్న కూతురు వంటింట్లో గంజి కాస్తోంది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. ఒంటి మీద రెండు దుప్పట్లు. ఇంజెక్షన్ ఇచ్చి దుప్పటి సర్దుతుంటే కాంపౌండరమ్మ చేతికి తడి తగిలింది. కుడికాలి మేజోడు ముందు భాగమంతా తడిసి ఉంది. నీళ్లు ఒలికాయా అని అడిగింది. లేదని అత్తగారు అంది. మేజోడు విప్పడానికి లాగితే రాలేదు. కత్తెరతో కోసింది.

బొటనవేలు నల్లగా ఉంది. దాని కింద, అరికాల్లో, రూపాయి బిళ్లంత పుండు.

ఆమె ముందు కిటికీ తెరిచింది. తర్వాత పెద్దల్లుడికి ఫోను చేసింది. ఎలుక దొరికింది సార్, రండి అంది. ఈలోగా చిన్న కూతురు గదిలోకి వచ్చి చూసి, మొగుడికి చేసింది.

తోడల్లుళ్లిద్దరూ మొదటి అంతస్తు మెట్ల దగ్గర కలిశారు. మీరు పదండి అంటే మీరు పదండి అనుకోలేదు. పక్కపక్కనే ఎక్కారు. మెట్లు ఇద్దరికి చాలేంత వెడల్పు లేవు.

ఇద్దరూ పాదం చూశారు. చిన్నల్లుడే ముందు మాట్లాడాడు.

"ఇది మీరు చూడలేదా అన్నయ్యగారూ?"

"నువ్వు చూశావా?"

"నేను చూడనని ఊరందరికీ తెలుసు. మీరు చూడకుండా రాయరని కూడా ఊరందరికీ తెలుసు." అతని గొంతు పెరగలేదు. "మీ మందు పేరు వినగానే నేనేం అనుకున్నానో చెప్పనా? అన్నయ్యగారు వెళ్లారు. గుండె విన్నారు, కడుపు నొక్కారు, తల నుంచి కాలిదాకా చూశారు. ఎక్కడా ఏమీ దొరకలేదు. అందుకే అంత పెద్దది రాశారు. ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు, మందే చాలడం లేదు అనుకున్నాను. మీరు చూశారన్న ధైర్యంతోనే నేను దాని మీద ఇంకోటి వేశాను."

పెద్దల్లుడు పాదం వైపే చూస్తున్నాడు.

"నువ్వు చేసినట్టే చేశాను," అన్నాడు.

"నేను చేసినట్టు మీరెందుకు చేయాలి?"

మంచం మీద నుంచి అత్తగారు అంది, "మీ ఇద్దరి మాటలూ అయ్యాక, నా కాలికేమైందో ఎవరైనా ఒకరు చెప్పండి."

కాంపౌండరమ్మ చెప్పింది.

పదకొండింటికి ఆమెని ఆసుపత్రిలో చేర్చారు. చేర్చుకునేటప్పుడు కౌంటరులో ఉన్న నర్సు, మీకు మామూలుగా చూసే డాక్టరెవరని అడిగింది. అత్తగారు తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరి వైపూ చూసింది. "డాక్టరెవరూ లేరమ్మా," అంది. "అల్లుళ్లున్నారు." నర్సు ఆ గడిలో గీత గీసింది.

మధ్యాహ్నం ఎక్స్‌రే తీశారు. బొటనవేలి ఎముకకి ఆనుకుని పన్నెండు మిల్లీమీటర్ల కుట్టుమిషను సూది ముక్క ఉంది.

సర్జన్ అడిగితే అత్తగారు చెప్పింది. నెల కిందట కర్టెను కుడుతుంటే సూది విరిగింది. ఒక ముక్క మిషనులోనే ఉంది. రెండో ముక్క కోసం నేలంతా అయస్కాంతంతో వెతికింది. దొరకలేదు. చీపురులో పోయిందనుకుంది. ఆ రోజు మేజోళ్లు ఉతికేసి ఉన్నాయి, వట్టి కాళ్లతోనే తొక్కింది. ఏదీ గుచ్చుకున్నట్టు తెలియలేదు. వారం తర్వాత అరికాల్లో గట్టిగా తగిలింది. ఆనెకాయ అనుకుంది.

జ్వరం వచ్చినప్పుడు ఈ మాట ఎవరికీ చెప్పలేదా అని సర్జన్ అడిగాడు.

"జ్వరం ఎంత అని అడిగారు, చెప్పాను," అంది. "ఇంకేమీ అడగలేదు."

సర్జన్ దగ్గర పనిచేసే జూనియర్ డాక్టరు వరండాలోకి ఒక కాగితం తెచ్చి అల్లుళ్లకిచ్చింది. ఇంతకుముందు వాడిన మందులు రాయాలి. ఐదు గడులు. మందు పేరు, ఎప్పటి నుంచి, ఎప్పటివరకు, రాసిన డాక్టరు, పరీక్షలో కనిపించినవి. ఒకే పెన్నుంది. చిన్నల్లుడు మొదటి రెండు వరసలు నింపి పెన్ను అందించాడు. పెద్దల్లుడు మూడోది నింపి తిరిగిచ్చాడు. నాలుగోది చిన్నల్లుడు, ఐదోది పెద్దల్లుడు. జూనియర్ కాగితం చూసి, చివరి గడి నింపలేదు సార్ అంది.

"నింపడానికి ఏమీ లేదమ్మా," అన్నాడు పెద్దల్లుడు.

బుధవారం, పుండులోంచి తీసిన చీము రిపోర్టు వచ్చింది. అందులో పెరిగిన సూక్ష్మజీవి మీద పదహారు మందులు ప్రయత్నించారు. మూడే పనిచేశాయి. ఆమె వాడిన ఐదూ పనిచేయనివాటిలో ఉన్నాయి. పనిచేసే మూడింటిలో ఒకటి కిడ్నీలని దెబ్బతీస్తుందని పక్కన పెట్టారు. రెండోది రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి మూడు గంటలు, నరం ద్వారా ఎక్కించాలి. అది మొదలుపెట్టారు. గురువారం కట్టు విప్పి చూసి, పక్క వేలు ఉంచుతున్నట్టు సర్జన్ చెప్పాడు.

ఆమె ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులుంది. పెద్దల్లుడు రోజూ రెండుపూటలా వచ్చాడు. మంచం పక్కన ఉన్న చార్టు చదివేవాడు. మందు ఎక్కించే నర్సుని వేగం తగ్గించమనేవాడు. నర్సు సర్జన్‌ని అడుగుతాననేది. చిన్నల్లుడు మధ్యాహ్నాలు వచ్చేవాడు. ఇద్దరూ ఒకే గంటలో రాకుండా కూతుళ్లు చూసుకున్నారు. ఒకసారి పెద్దల్లుడు వెళ్లేసరికి చిన్నల్లుడు తెచ్చిన పళ్లు బల్ల మీదున్నాయి. షుగరు మనిషికి ఇవేంటి అని ఆయన వాటిని తీసి బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకి పంచాడు. సాయంత్రం చిన్న కూతురు ఫోను చేసి ఆ పళ్లు డైటు చార్టులో ఉన్నవేనని చెప్పింది.

ఇంటికి పంపే ముందురోజు పెద్దల్లుడు అత్తగారి మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాలి కట్టు రెండు నెలలు రోజు విడిచి రోజు మార్చాలి. పుండు ఎలా మానుతోందో చూడాలి. షుగరు మందులు మార్చాలి. అవన్నీ తాను చూసుకుంటానన్నాడు. క్లినిక్ తెరవకముందే వస్తానన్నాడు. ఒక్కరోజు కూడా తప్పనన్నాడు. ఇకమీదట వేలి గోరు దగ్గర నుంచీ చూశాకే మందు రాస్తానన్నాడు. ఇంతవరకూ ఆయన ఆమెతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడలేదు.

అత్తగారు మొత్తం విన్నది.

"వద్దు పెద్దబాబూ," అంది. "మీరొస్తే చిన్నబాబు కూడా వస్తారు. మీరు కట్టింది ఆయన విప్పుతారు. ఆయన కట్టింది మీరు విప్పుతారు. నాకున్నవి ఇంకో తొమ్మిది వేళ్లే."

పెద్దల్లుడు కుర్చీ తీసి గోడ పక్కన పెట్టాడు. చిన్నబాబు అన్న మాట ఆయన చెవిన పడిందో లేదో తెలియదు. పడి ఉంటే, ఆరేళ్లలో మొదటిసారి విన్నట్టు.

డిశ్చార్జి కాగితంలో తర్వాత చూపించుకోవలసిన డాక్టరు అన్నచోట అత్తగారు చెప్పిన పేరు పోస్టాఫీసు వెనక క్లినిక్ నడిపే ఒక లేడీ డాక్టరుది. ఆ పేరు ఆమెకెవరు చెప్పారని కూతుళ్లు అడిగారు. పక్క మంచం ఆవిడ చెప్పిందంది. వచ్చే సోమవారం పదిన్నరకి రమ్మన్నారు.

సోమవారం అల్లుళ్లిద్దరూ వచ్చారు. ఒకరు కారు నడిపారు, ఒకరు అత్తగారిని చెయ్యి పట్టుకుని దింపారు. ముందుగదిలో ఆరు కుర్చీలున్నాయి. మధ్యలో ఒకటి వదిలి ఇద్దరూ కూర్చున్నారు. గోడ మీద లేడీ డాక్టరు పట్టా ఉంది. పెద్దల్లుడు లేచి దగ్గరికి వెళ్లి అందులో సంవత్సరం చూశాడు. మా కాలేజే, నాకంటే ఆరేళ్లు జూనియర్ అని తోడల్లుడితో అన్నాడు. ఐతే నాకు సీనియరన్నమాట అన్నాడు చిన్నల్లుడు. ఆస్పత్రి వరండా తర్వాత వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడింది ఇదే.

పదీ నలభై ఐదుకి నర్సు వచ్చి పిలిచింది. ఇద్దరూ లేచారు. పేషెంటు ఒక్కరే రావాలని డాక్టరుగారు చెప్పారు, మీరు కూర్చోండి అంది. మేమిద్దరం డాక్టర్లమే అని పెద్దల్లుడు చెప్పాడు. నర్సు లోపలికి వెళ్లి అడిగి వచ్చింది. కూర్చోమన్నారని చెప్పింది.

తలుపు పదీ నలభై ఎనిమిదికి మూసుకుంది. లోపల నుంచి ఒకసారి కుర్చీ జరిపిన చప్పుడు, ఒకసారి అత్తగారి నవ్వు వినిపించాయి. పెద్దల్లుడు రెండుసార్లూ తలుపు వైపు చూశాడు. ఈలోగా చిన్నల్లుడికి ఏడు ఫోన్లు వచ్చాయి. ఆరింటికి అక్కడే కూర్చుని మందు పేర్లు చెప్పాడు. ఏడోది వచ్చినప్పుడు పక్కకి ఒకసారి చూసి, లేచి మెట్ల దగ్గరికి వెళ్లి మాట్లాడాడు. ఏం చెప్పాడో తెలియదు.

తలుపు పదకొండున్నరకి తెరుచుకుంది. లోపల పరీక్షకి నలభై రెండు నిమిషాలు పట్టింది.